మార్చే ముందు మీటరు పెట్టండి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం, వైద్య బిల్లులు - ఇవి మాట్లాడుకునే వేదిక మీద పికప్పు బండి ఇంజెక్టర్ల సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం మనవి చేస్తాను. మన సభ్యుల్లో పలువురు గ్రాట్యుటీ సొమ్ములో కొంత తీసి కొడుక్కో అల్లుడికో పికప్పు బండి కొనిచ్చారు. మరికొందరు ఫైనాన్సు కాగితాల మీద జామీను సంతకం పెట్టారు. ఆ బండి షెడ్డులో పడుకుంటే నెల వాయిదా మాత్రం పడుకోదు. అది నడిచి మన పింఛను ఖాతా దగ్గరికే వస్తుంది. అందుచేత ఇది మెకానిక్కుల గొడవ మాత్రమే కాదు, మన ఇంటి లెక్క కూడా. బస్సు డిపో వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా నూనె చేతులతో గడిపిన వాణ్ణి గనుక నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మన కాలపు డీజిలు ఇంజను మీకు గుర్తుండే ఉంటుంది. పక్కన ఒక పంపు, పంపు నుంచి ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇనుప పైపు, పైపు చివర నాజిలు. 1951లో మొదలైన బెంగుళూరు మైకో కంపెనీ, అదే 2008 నుంచి బాష్ అన్న పేరుతో నడుస్తున్నది, ఆ పంపులూ నాజిళ్లూ తెలియని డిపో లేదు. ఇంజను మిస్సింగు కొడితే మనం చేసేదేమిటి? ఇంజను నడుస్తుండగానే ఒక్కో పైపు నట్టు కాస్త వదులు చేసేవాళ్లం. ఏ నట్టు వదిలితే శబ్దంలో మార్పు రాదో ఆ సిలిండరు పనిచేయడం లేదన్నమాట. చెవి, స్పానరు, అనుభవం - ఈ మూడూ చాలేవి.

ఇప్పటి బండిలో ఆ పని చేయకూడదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే మనలో ఇంకా చేయి ఊరుకోని వాళ్లున్నారు. ఇప్పుడు వచ్చే డీజిలు బళ్లలో కామన్ రైలు పద్ధతి ఉంది. ప్యాసింజరు కార్లలో ఇది మొదట 1997లో ఆల్ఫా రోమియో 156లో వచ్చింది, తరువాత మన పికప్పుల దాకా దిగింది. అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా ఒక లావుపాటి గొట్టం, అందులో డీజిలు 1,600 బార్లు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువ ఒత్తిడిలో నిలవ ఉంటుంది. కారు టైరులో మనం పట్టేది రెండు బార్ల చిల్లర. అంటే దానికి ఏడు వందల రెట్ల పైమాట. నడుస్తున్న ఇంజనులో ఆ నట్టు వదులు చేస్తే వచ్చే డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల చేయి పోయే ప్రమాదం ఉంది. అలా జరిగితే కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

ఈ ఇంజెక్టరు తెరుచుకునేది కరెంటుతో. లోపల చిన్న తీగచుట్ట ఉంటుంది. దానికి కరెంటు ఇచ్చేది ఇ.సి.యు. అనే పెట్టె, అదే బండి మెదడు. సోలినాయిడు రకం డీజిలు ఇంజెక్టరుకు ఇది బ్యాటరీ 12 వోల్టులు కాక, తానే పెంచుకున్న 50 నుంచి 80 వోల్టులు ఒక్క క్షణం కొడుతుంది. ఆ క్షణంలో కరెంటు 20 ఆంపియర్ల వరకు పోతుంది. అందుకే ఇంజను నడుస్తుండగా ఆ వైర్లను ముట్టుకోరాదు, మామూలు టెస్టు ల్యాంపు గుచ్చరాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ పెట్టె కరెంటు ఇచ్చి ఊరుకోదు, అది ఎలా పోతున్నదో గమనిస్తుంది. పెరగవలసిన వ్యవధిలో పెరగకపోతే ఎక్కడో తెగింది అనుకుంటుంది. మరీ త్వరగా పెరిగిపోతే ఎక్కడో కలిసింది, అంటే షార్టు అయింది అనుకుంటుంది. వెంటనే చెక్ ఇంజను లైటు వెలిగించి, ఒక నంబరు రాసిపెడుతుంది. దాన్నే కోడు అంటారు. అమెరికాలో 1996 మోడలు నుంచి కార్లకూ చిన్న ట్రక్కులకూ ఈ పద్ధతి తప్పనిసరి చేశారు. మన దేశంలో భారత్ స్టేజి నాలుగు నిబంధనలు 2010లో హైదరాబాదు సహా 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి ఆరు అమలైంది. స్టీరింగు కింద డ్యాష్‌బోర్డు దగ్గర 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. స్కానరు అందులో పెడితే కోడు కనిపిస్తుంది.

ఇంజెక్టరు సర్క్యూటు కోడ్లు గుర్తు పెట్టుకోవడం కష్టం కాదు. పి-0201 అంటే ఒకటో సిలిండరు, 0202 రెండోది, 0203 మూడోది, ఇలా వరుస. ఇక్కడి అంకె సిలిండరు నంబరు, మంట వచ్చే వరుస కాదు. నంబరు లెక్క చాలా బళ్లలో ఫ్యాను వైపు నుంచి, కొన్నింటిలో గేరుబాక్సు వైపు నుంచి. ఇది మాన్యువల్లో చూసుకోకపోతే మంచి ఇంజెక్టరును విప్పి పారేసే ప్రమాదం ఉంది. వోల్టేజి తక్కువ, ఎక్కువ అని విడదీసి చెప్పే కోడ్లు పి-0261 నుంచి మొదలవుతాయి.

ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. కోడు పేరులో ఉన్నది 'ఇంజెక్టరు సర్క్యూటు' అనే మాట. సర్క్యూటు అంటే ఇ.సి.యు. పిన్ను దగ్గర మొదలై, వైరు, మధ్యలో కప్లరు, ఇంజెక్టరు చుట్ట, తిరుగు వైరు, మళ్లీ ఇ.సి.యు. దాకా మొత్తం దారి. ఆ దారిలో ఇంజెక్టరు ఒక మజిలీ మాత్రమే. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెబితే అది జబ్బు పేరు కాదు గదా. ఏ జ్వరమో డాక్టరు చూడాలి. అలాగే ఈ కోడు ఏ వస్తువు మార్చాలో చెప్పదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే.

ఈ తేడా తెలియకపోతే ఎంత ఖర్చవుతుందో మా ఇంటి ఉదాహరణే చెబుతాను. మా మేనల్లుడికి నాలుగు సిలిండర్ల డీజిలు పికప్పు ఉంది. కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని విజయవాడ మీదుగా హైదరాబాదు తీసుకుపోతాడు. బండికి ముందుగా కట్టిన సొమ్ము మా బావగారి రిటైర్మెంటు డబ్బు. ఒకనాడు లోడుతో వెళుతుంటే లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. ఒక షెడ్డులో స్కానరు పెట్టి పి-0203 అన్నారు. మూడో ఇంజెక్టరు పోయిందని కొత్తది వేశారు. మూడు రోజులు బాగా నడిచింది, నాలుగో రోజు మళ్లీ అదే కోడు. కొత్తదే లోపం అయి ఉంటుందని ఇంకొకటి వేశారు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. అప్పటికి రూ. 42,000 అయింది. ఈసారి ఇ.సి.యు. పోయింది, అది రూ. 65,000 అన్నారు. మొక్కలు ఎండలో వాడిపోతే నర్సరీవారికి జవాబు చెప్పుకోవాలి. అప్పుడు ఫోను చేశాడు. "మావయ్యా, బండి అమ్మేద్దామా?" అన్నాడు. "ముందు బండి ఇక్కడికి తీసుకురారా. ఇంకేమీ మార్పించకు, కోడు కూడా చెరిపించకు" అన్నాను.

కోడు చెరపవద్దని ఎందుకన్నానంటే, కోడుతోపాటు అది వచ్చిన క్షణాన ఇంజను వేడి ఎంత, వేగం ఎంత, లోడు ఎంత అన్న వివరాలు కూడా పెట్టెలో నిలవ ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. మేము చూసినప్పుడు ఇంజను వేడి 88 డిగ్రీలు, బండి వేగం తక్కువ, లోడు ఎక్కువ అని ఉంది. అంటే చిన్న గేరులో బలంగా లాగుతున్నప్పుడు వచ్చింది. అంతేకాదు, 0203 పక్కన 0202 కూడా ఉంది. ఆ బండి వైరింగు పటం ప్రకారం ఇ.సి.యు. ఇంజెక్టర్లను రెండు జతలుగా నడుపుతుంది: ఒకటి, నాలుగు ఒక జత, రెండు, మూడు ఒక జత. జతలో ఒక వైరు బాడీకి తగిలి షార్టు అయితే, పెట్టె తనను తాను కాపాడుకోవడానికి రెండింటినీ ఆపేస్తుంది. కొత్త ఇంజెక్టరు రెండుసార్లు వేసినా పోలేదు. కోడు స్థిరంగా ఉండక లోడు మీదే వస్తున్నది. ఒక్కొక్కప్పుడు జత సిలిండరునూ లాక్కుపోతున్నది. ఈ మూడూ కలిపితే అనుమానం వైరు మీదికే పోయింది.

ఇక చేసిన పని వరుసగా చెబుతాను. ఇది ఏ బండికైనా పనికివస్తుంది.

మొదట బ్యాటరీ, ఎర్తు కనెక్షన్లు. బ్యాటరీ బలహీనమైనా, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఎర్తు పట్టీ తుప్పు పట్టినా పెట్టె అబద్ధపు కోడ్లు రాస్తుంది. అవి బాగున్నాయి.

రెండోది కంటి పరీక్ష. కప్లర్లు ఒక్కొక్కటి తీసి పిన్నులు ఆకుపచ్చగా మారాయా, నీరు పోయిందా, లోపలి పిన్ను పట్టు వదిలిందా చూడాలి. ఇంజనును ప్రెషరు నీళ్లతో కడిగించే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది. ఎలుకలు కొరికిన వైరు కూడా చూశాను. ఈ బండిలో కప్లర్లు శుభ్రంగా ఉన్నాయి.

మూడోది మీటరు. బ్యాటరీ తీసేసి, ఇ.సి.యు. ప్లగ్గు కూడా ఊడదీసి, ఆ ప్లగ్గు దగ్గర నుంచి నాలుగు ఇంజెక్టర్ల రెసిస్టెన్సూ కొలిచాం. ఈ రకం డీజిలు ఇంజెక్టరుకు అది ఒక ఓముకన్నా తక్కువ ఉంటుంది. అంత చిన్న కొలతలో మీటరు తీగల రెసిస్టెన్సే కలిసిపోతుంది గనుక, ముందు ఆ రెండు తీగల మొనలు కలిపి వచ్చిన అంకెను తీసివేయాలి. అలా తీసివేస్తే నాలుగూ 0.4 ఓములే వచ్చాయి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగూ సమానంగా ఉన్నాయా అన్నది ముఖ్యం. అంటే దారి తెగలేదు, చుట్టలు బాగున్నాయి.

నాలుగోది ఎర్తు పరీక్ష. అదే పిన్ను నుంచి ఇంజను బాడీకి మీటరు పెట్టాం. ఏమీ చూపలేదు, అంటే షార్టు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 'వైరింగు చెక్ చేశాం, బాగుంది' అని రాసేస్తారు. కాని నిలబడ్డ బండిలో వైరు బాగుండటం వేరు, లోడు లాగుతున్న బండిలో బాగుండటం వేరు. అందుకని మీటరు అలాగే ఉంచి, మా వాణ్ణి హార్నెస్సును జానెడు జానెడు చొప్పున పట్టుకుని కదపమన్నాను. ఇంజను వెనక వైపు ఒక ఇనుప బ్రాకెట్టు మీదుగా పోయే చోట కదపగానే మీటరు కూసింది. వదిలితే ఆగింది, లాగితే మళ్లీ కూసింది.

పై గొట్టం చూస్తే చిన్న గీత తప్ప ఏమీ లేదు. కోసి చూస్తే లోపల రెండు వైర్ల తొడుగు అరిగిపోయి రాగి బయటపడి ఉంది. దాన్ని పట్టి ఉంచవలసిన క్లిప్పు అక్కడ లేదు.

మూడు రోజులు బాగుండటానికి కారణం కూడా అప్పుడే తెలిసింది. ఇంజెక్టరు మార్చడానికి హార్నెస్సును పక్కకు తీసి మళ్లీ పెట్టారు. పెట్టినప్పుడు అది కాస్త జరిగి కూర్చుంది. మళ్లీ కుదుపులకు పాత చోటికి వచ్చేదాకా కోడు రాలేదు. చూసేవాళ్లకు మాత్రం ఇంజెక్టరు మార్చినందుకే బాగుపడినట్టు కనిపించింది.

వైరు అతికి తొడుగు వేసి పంపేయవచ్చు. కాని అక్కడ ఎందుకు అరిగింది అన్న రెండో ప్రశ్న వేసుకోకపోతే ఆరు నెలల్లో మళ్లీ వస్తుంది. గేరు వేసి, బ్రేకు తొక్కి, క్లచ్చు కొంచెం వదలమంటే ఇంజను ఒక పక్కకు మామూలుకన్నా ఎక్కువ ఒరిగింది. ఇంజను మౌంటింగు రబ్బరు చిరిగిపోయి ఉంది. లోడు లాగినప్పుడల్లా ఇంజను ఒరగడం, హార్నెస్సు బ్రాకెట్టు అంచుకు ఒరుసుకోవడం - జబ్బు మూలం అది. మౌంటింగు మార్చాం. పాత వైరు మందమే ఉన్న కొత్త ముక్క వేసి, సోల్డరు చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాం. ఇంజెక్టరు వైర్లు రెండూ పేని ఉంటాయి, ఆ పేనడం మళ్లీ అలాగే ఉంచాం. అంచుకు రబ్బరు బీడింగు, కొత్త క్లిప్పు వేశాం. మొత్తం రూ. 3,000 దాటలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లడమంటే ఇదే.

ఇంకొక లోపం స్కానరులో బయటపడింది. కామన్ రైలు ఇంజెక్టరు ఒక్కొక్కదాని మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు చెక్కి ఉంటుంది. అది ఎంత డీజిలు చిమ్ముతుందో సరిదిద్దే లెక్క. ఇంజెక్టరు మారిస్తే ఆ గుర్తును ఇ.సి.యు.లో రాయాలి. రెండోసారి వేసినదాని గుర్తు రాయలేదు. అది రాశాక ఇంజను నడక నున్నగా అయింది. ఇదే కారణం చేత డీజిలు ఇంజెక్టర్లను ఒక సిలిండరు నుంచి మరొకదానికి ఊరికే మార్చి చూడరాదు. మారిస్తే గుర్తులూ మార్చి రాయాలి, కింది రాగి వాషరు కొత్తది వేయాలి.

పెట్రోలు బళ్ల సంగతి కొంచెం వేరు. అమెరికాలో ఉన్న మన పిల్లల పికప్పులు చాలావరకు పెట్రోలువే గనుక చెబుతున్నాను. మ్యానిఫోల్డులో పెట్రోలు చిమ్మే మామూలు రకంలో ఇంజెక్టరుకు 12 వోల్టులు ఎప్పుడూ అందుతుంటాయి, ఇ.సి.యు. ఎర్తు వైపు తెరిచి మూస్తుంది. దాని రెసిస్టెన్సు సాధారణంగా 12 నుంచి 16 ఓములు. రాగి వేడెక్కితే ప్రతి డిగ్రీకీ వంద ఓములకు 0.39 ఓము చొప్పున పెరుగుతుంది. చల్లగా 14 ఓములున్నది 60 డిగ్రీలు పెరిగితే 17 దాటుతుంది, అది లోపం కాదు. కాని వేడిలో ఒక్కసారిగా అంతులేకుండా పోతే చుట్ట లోపల తెగుతున్నట్టు. అందుకే చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవమనండి. ఈ రకంలో పక్క సిలిండరుతో ఇంజెక్టరు మార్చి చూడటం మంచి పరీక్ష. కోడు ఇంజెక్టరుతోపాటు వెళ్లిపోతే ఇంజెక్టరుదే తప్పు, పాత సిలిండరులోనే ఉంటే వైరుదో పెట్టెదో తప్పు.

మీటరుకు దొరకని దొంగ ఒకడున్నాడు. పది పోగుల వైరులో తొమ్మిది తుప్పుకు తెగి ఒక్కటి మిగిలినా మీటరు 'బాగుంది' అంటుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు అతి స్వల్పం. అలాంటప్పుడు వైరును రెండు కొసలా ఊడదీసి, బ్యాటరీ నుంచి 55 వాట్ల హెడ్‌లైటు బల్బును ఆ వైరు గుండా వెలిగించాలి. నాలుగున్నర ఆంపియర్లు లాగే బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది, మందగిస్తే కాదు. రెండు కొసలూ ఊడదీయకుండా మాత్రం ఇది చేయరాదు, పెట్టె కాలిపోతుంది.

ఇ.సి.యు. పోదా అంటే పోతుంది. కాని వైరు, కప్లరు, ఎర్తు, ఇంజెక్టరు అన్నీ పరీక్షలో నిలిచాక మిగిలేది అదే అయితే అప్పుడు దాన్ని అనుమానించాలి. వెతకడం విసుగు పుట్టినప్పుడు చెప్పే పేరుగా అది ఉండకూడదు.

ఇవన్నీ మనం చేతులతో చేయనక్కరలేదు. బండి షెడ్డులో ఉన్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు ఐదు. కోడు నంబరు ఎంత, కాగితం మీద రాసిస్తారా? అది వచ్చినప్పుడు ఇంజను వేడి, లోడు ఎంత? అన్ని ఇంజెక్టర్ల రెసిస్టెన్సూ కొలిచారా, అంకెలు ఎంత? హార్నెస్సు కదిపి ఎర్తు పరీక్ష చేశారా? పాత సామాను తిరిగి ఇస్తారా, కొత్తదాని గుర్తు రాశారా? ఈ ప్రశ్నలు మర్యాదగా అడగండి. మంచి మెకానిక్కు వీటికి కోపగించుకోడు, పైగా సంతోషిస్తాడు. జవాబు చెప్పలేనివారి దగ్గర బండి తాళాలు వెనక్కి తీసుకోవడమే లాభం.

మన ఉద్యోగాల్లో ఒక పద్ధతి ఉండేది. స్టోర్సు నుంచి కొత్త సామాను ఇండెంటు పెట్టాలంటే పాతది ఎందుకు పనికిరాదో రాసి సంతకం చేయాలి. ఆ కాగితం మనకు అప్పట్లో విసుగు పుట్టించేది. ఇప్పుడు పిల్లల బండి విషయంలో ఆ కాగితం మనమే అడుగుదాం.